దిబ్బమామిడి వంశమర్యాద

కొండ్రుపాడులో ఎవరినైనా ఆపి, "ఈ ఊళ్ళో తెలివైనవాళ్ళ ఇల్లేదండీ?" అని అడిగారనుకోండి, పడమటి వీధి చివర నాంచారయ్య ఇల్లు చూపిస్తారు. చూపించేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ చెయ్యి మర్యాద కోసం పెట్టుకున్నారని నాంచారయ్య నమ్మకం.

నమ్మకం ఉండదా మరి! ఎవరేం చెప్పినా ఆ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒకసారి పొరుగావిడ, "రత్తమ్మా, పొయ్యి మీద పాలున్నాయి, కాస్త చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది. నాంచారయ్య పెళ్ళాం రత్తమ్మ పీట వేసుకుని కూర్చుంది. పాలు కాగాయి, చూసింది. పొంగాయి, చూసింది. పొయ్యిలో పడి, పొయ్యి ఆరిపోయి, గిన్నె అడుగున నల్లటి మాడు మిగిలేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. పొరుగావిడ వచ్చి లబోదిబోమంటే, "చూడమన్నావు, చూశాను. దించమన్నావా?" అంది. నాంచారయ్య తమ్ముడు వీరాస్వామి ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. "వానొస్తే వడ్లు లోపల పెట్టరా" అని అన్న చెప్పి ఊరెళ్ళాడు. ఆకాశమంతా నల్లబడినా వీరాస్వామి కదల్లేదు. వాన రాకముందే పెడితే అన్న మాట తప్పినట్టు కాదూ? వాన పడింది. వడ్లన్నీ తడిశాక, ఒక్కో గంపా జాగ్రత్తగా లోపల పెట్టాడు.

"లోకంలో సగం మంది చెప్పింది వినరు, మిగతా సగం విన్నది చెయ్యరు" అనేవాడు నాంచారయ్య మీసం దువ్వుకుంటూ. "మనింట్లో రెండూ జరుగుతాయి. అందుకే అందరికీ మనమంటే కుళ్ళు."

ఈ తెలివిగల ఇంటికి ఒక మామిడితోట ఉంది. అందులో చిన్న రసాలున్నాయి, పెద్ద రసాలున్నాయి, కొరికితే కన్ను మూతపడే నాటు కాయలున్నాయి. అవన్నీ ఒక ఎత్తు, గొడ్ల కొట్టం వెనక ఉన్న దిబ్బమామిడి ఒక ఎత్తు. నాంచారయ్య తల్లి ఆదెమ్మ కొత్తకోడలుగా వచ్చిన వేసవిలో, తోటలో చిన్న రసం తిని టెంక పెంటదిబ్బ మీదికి విసిరిందిట. అది మొలిచింది, కాసింది. కాయ పిడికిలంతే ఉంటుంది. పండినా ఆకుపచ్చగానే ఉంటుంది కాబట్టి చూసినవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, ఒక్కసారి పీల్చారా, ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకరు. మోచేతుల దాకా రసం కారుతున్నా తుడుచుకోబుద్ధి కాదు.

ఆ చెట్టుకి ముసలితనం వచ్చింది. పురుగు తొలిచి మాను డొల్లయింది. పోయినేడు గాలివానకి ఒక పక్కకి ఒరిగింది. ఆదెమ్మ రోజూ పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ వెళ్ళి దాన్ని తడిమి వచ్చేది. "నేను పోయినా ఫరవాలేదురా నాంచారూ, నా చెట్టు పోకూడదు. దాని పిల్ల ఒకటి బతికుంటే చాలు, నేను హాయిగా కళ్ళు మూస్తా" అనేది. నాంచారయ్యకి తెలివి మాట ఎట్టా ఉన్నా తల్లంటే ప్రాణం. ఆ మాట వింటే అన్నం సహించేది కాదు.

అంట్లు కట్టించుకుందామని కాలవ అవతల మొక్కలమ్మే కోటప్ప దగ్గరికి వెళ్ళాడు. కోటప్ప పెద్దగా నవ్వాడు. "అది వట్టి చిన్న రసమేనయ్యా! పెంట బలానికి అట్టా కాస్తంది. దానికి అంట్లు కట్టి నా పేరు చెడగొట్టుకోమంటావా?" అన్నాడు. నాంచారయ్యకి ఒళ్ళు మండిపోయింది. పట్నం బస్సెక్కి పండ్ల పరిశోధన వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి, చెట్టు గొప్పతనమంతా ఏకరువు పెట్టాడు. అక్కడ డాక్టర్ ప్రసూన అని ఒకావిడ, చెట్ల డాక్టరమ్మ, ఓపిగ్గా విని మర్నాడు జీపులో ఊళ్ళోకి వచ్చింది.

"ఆకు చూసి, కాయ చూసి రకం చెప్పడం కష్టం నాంచారయ్యగారూ. ఆకు లోపల జన్యు గుర్తులని ఉంటాయి. అవి అమ్మానాన్నల నుంచి వస్తాయి, ఎండకీ ఎరువుకీ మారవు. మీ దిబ్బమామిడి గుర్తులూ, చిన్న రసం గుర్తులూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటో కాదో తేలిపోతుంది. వేరే రకమని తేలిందా, దాన్ని కాపాడే పూచీ మాది. మేమే అంట్లు కడతాం" అంది.

ఆదెమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. డాక్టరమ్మ కవర్లు చేతికిచ్చి, జాగ్రత్తలు చెప్పింది. లేతాకులు కొయ్యాలి. ఒక చెట్టు ఆకు ముట్టుకున్న చేత్తో ఇంకో చెట్టు ఆకు ముట్టుకోకూడదు, శుభ్రం చేసుకోవాలి, రవ్వంత అంటుకున్నా అంతా చెడిపోతుంది. ఆకులకి వేడి తగలకుండా చల్లగా ఉంచి, రేపు పట్నం తీసుకురావాలి. అంతే.

అంతేనా! ఆ ఇంట్లో అంతే అంటే అంతటితో పోతుందా?

"రవ్వంత అంటుకున్నా చెడిపోతుందంటే అది మడి" అన్నాడు నాంచారయ్య. "మడి అంటే చేతులు కడుక్కుంటే సరిపోదు. తలస్నానం చెయ్యాలి." ఇంకేముంది, వీరాస్వామిని నూతి దగ్గర నిలబెట్టారు. నెత్తిన నీళ్ళు, తడి బట్టలతో చెట్టెక్కడం, ఆకు కొయ్యడం, దిగడం. మళ్ళీ నెత్తిన నీళ్ళు, ఇంకో చెట్టు. రత్తమ్మ దారిలో పసుపునీళ్ళు చల్లుకుంటూ, "తప్పుకోండి, తప్పుకోండి, ఆకు మడితో వస్తోంది" అని కోళ్ళని తరిమింది. తోటంతా అయ్యేసరికి వీరాస్వామి పళ్ళు టకటకలాడాయి. జ్వరంతో మంచమెక్కి, "నన్ను ముట్టుకోకండి, నేనింకా పెద్ద రసం మడిలో ఉన్నాను" అని పలవరించాడు.

ఇక చల్లగా ఉంచడం రత్తమ్మ వంతు. వేసవిలో మనుషులకి వేడి చేస్తే ఏం చేస్తాం? మజ్జిగ పడతాం. అంతే, చిక్కటి మజ్జిగలో సబ్జాగింజలు వేసి, రవ్వంత ఉప్పూ కొత్తిమీరా కలిపి, ఒక్కో కవర్లో ఒక్కో గరిటె పోసింది. మర్నాడు బస్సులో నాంచారయ్య ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా వాటికి విసనకర్రతో విసిరాడు. డాక్టరమ్మ కవరు విప్పి, మజ్జిగలోంచి ఆకుని రెండు వేళ్ళతో పైకి తీసింది.

"ఇదేమిటండీ?"

"చలవ చెయ్యాలన్నారుగా. మీకూ తెచ్చానమ్మా, వేరే చెంబులో. తాగండి, ఎండన పడి పనిచేస్తన్నారు."

పాపం ఆవిడ ఆ మజ్జిగ తాగి, మళ్ళీ జీపేసుకుని వచ్చి తన చేత్తో తనే ఆకులు కోసుకుపోయింది. పనిలో పని, కాలవ చుట్టుపక్కల తోటల్లో ఆకులు కూడా పట్టుకెళ్ళింది.

కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. చేతిలో ఒక బొమ్మ, దాని మీద నిచ్చెన మెట్లలా నల్లటి చారలు.

"ఆదెమ్మగారూ, మీరే గెలిచారు! ఇది చిన్న రసం కాదు. మా దగ్గరున్న ఏ రకంతోనూ కలవలేదు. ఇట్లాంటిది ఇంకొకటి ఎక్కడా లేదు, ప్రపంచంలో ఇదొక్కటే! వానలు పడి కొత్త కొమ్మలు ముదరగానే పుల్లలు తీసుకెళ్ళి అంట్లు కడతాం. అప్పటిదాకా మాను పడిపోకుండా ఊతకర్రలు పెట్టి కాపాడండి."

ఆదెమ్మ ఏడ్చేసింది. నాంచారయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వీరాస్వామి మాత్రం బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ చారలేంటండీ?" అని అడిగాడు.

"అవే మీ చెట్టు గుర్తులు. ఒకే రకం చెట్లయితే చారలు ఒకేలా పడతాయి."

"అయితే ఏ చెట్టుకైనా చారలు ఇట్టా పడితే అది దిబ్బమామిడేనా?"

"అంతేగా మరి" అంది డాక్టరమ్మ నవ్వుతూ. ఆ ఇంటి సంగతి ఆవిడకింకా పూర్తిగా తెలీదు.

మర్నాడు పొద్దున్నే వీరాస్వామి తారు డబ్బా, కుంచె పట్టుకుని తోటలోకి దిగాడు. బొమ్మ చూసుకుంటూ, ఒక్క గీత కూడా తప్పు పోకుండా, చెట్టు చెట్టుకీ దిబ్బమామిడి చారలు వేశాడు. పుల్లటి నాటుచెట్టుకి వేశాడు, వేపచెట్టుకి వేశాడు, విద్యుత్తు స్తంభానికి వేశాడు. తారు మిగిలితే గేదెకి కూడా వేశాడు. "తోటంతా దిబ్బమామిడే అన్నయ్యా!" అని అరిచాడు. రత్తమ్మ సంబరపడిపోయి గంప తీసుకుని గేదె వెనకాల నిలబడింది. గంపలో పడింది, పడకపోలేదు. రోజూ పడేదే పడింది.

ఇది చిన్న పిచ్చి. అసలు పిచ్చి డాక్టరమ్మ పోతూ పోతూ అన్న ఇంకో మాటతో పట్టుకుంది. "ఇంకో విశేషం తెలుసా? ఈ చారల్లో సగం తల్లివి, సగం తండ్రివి. మీ దిబ్బమామిడికి తల్లి మీ తోటలో చిన్న రసమే. తండ్రి మాత్రం కాలవ అవతల కోటప్పగారి పాత బంగినపల్లి" అని చెప్పి, ఆవిడ జీపెక్కి వెళ్ళిపోయింది.

నాంచారయ్య అరుగు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో తలెత్తుకు తిరిగిన ఇల్లు. తాతలనాటి చిన్న రసం, పెద్దమనిషిలాగా తోట మధ్యలో నిలబడేది. దానికి కాలవ దాటి సంబంధమా? పెళ్ళీ పెటాకులూ లేకుండా కొడుకా? అదీ ఆ కోటప్పగాడి చెట్టుతోనా?

"నలుగురికీ తెలిస్తే ఏమైనా ఉందా!" అని రత్తమ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టుకోవడం వీధిలో నిలబడి కొట్టుకుంది కాబట్టి నలుగురికీ అప్పుడే తెలిసింది.

అన్నదమ్ములిద్దరూ కర్రలు పట్టుకుని కాలవ దాటారు. "కోటప్పా, బయటికి రా! నీ బంగినపల్లి మా చిన్న రసాన్ని ఏం చేసిందో తెలుసా?" అని కేక. కోటప్ప వచ్చాడు, సంగతి విన్నాడు. నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "ఓరి మీ తెలివి మండా! పూత మీద వాలిన ఈగలు పుప్పొడి ఇటు తెచ్చి అటు వేసుంటాయి. నన్నేం చెయ్యమంటారు?"

"అంటే మధ్యవర్తులు కూడా ఉన్నారన్నమాట!" అన్నాడు వీరాస్వామి.

"జరిగిందేదో జరిగింది. మర్యాదగా మా పిల్లని మీ వాడికి చేసుకో. మా దిబ్బమామిడి రేపు పదిమందిలోకి వెళ్ళాలి. తండ్రి పేరు అడిగితే ఏం చెప్పుకోవాలి?" అన్నాడు నాంచారయ్య. అంటుంటే నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

కోటప్ప గడుసువాడు. ఊరికే వచ్చే విందు ఎవడు వదులుకుంటాడు? "నువ్వంతగా అడిగితే కాదంటానా బావా! కానీ మేము మగపెళ్ళివారం. మా తరఫున వచ్చేవాళ్ళకి బూరెలూ పులిహోరా ఉండాలి. ఊరంతా మా తరఫే" అన్నాడు. ఊళ్ళోవాళ్ళు కూడా తక్కువ తిన్లేదు. పెద్దమనుషులు వచ్చి రెండు చెట్ల గోత్రాలు అడిగారు. ఒకాయన, ఇంగ్లీషు చదువుకున్నాయన, శాఖలు కూడా కుదరాలన్నాడు. ఇది తప్పయ్యా అని చెప్పిన మనిషి ఒక్కడు లేడు. గురువారం ముహూర్తం పెట్టించారు.

ఇంతలో గాలులు మొదలయ్యాయి. మంగళవారం రాత్రంతా ఆదెమ్మ కూర్చునే ఉంది. చెట్టు కిర్రుమన్నప్పుడల్లా "నాంచారూ, పడిపోతోందిరా" అని లేపింది. తెల్లవారాక నాంచారయ్య డాక్టరమ్మకి ఫోను చేశాడు. "ఇక వానల దాకా ఆగం, శుక్రవారమే పుల్లలకి వస్తున్నాం, కంగారుపడకండి" అని ఆవిడ ధైర్యం చెప్పింది. "మీ చెట్టు ఆకు మా చల్లపెట్టెలో భద్రంగా ఉంది. చెట్టు సంగతంతా, వేరు నుంచి కాయ దాకా, ఆ ఒక్క ఆకులోనే ఉందనుకోండి."

నాంచారయ్య ఫోను పెట్టేసి ఆలోచించాడు. ఆలోచిస్తే ఆ ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

"తమ్ముడూ, చెట్టు మొత్తం పట్నంలో చల్లపెట్టెలో ఉందిట. వేరుతో సహా."

"మరి గొడ్ల కొట్టం వెనక ఉన్నదేంటి అన్నయ్యా?"

"అదేరా నా భయం. ప్రపంచంలో ఒకటే ఉందని డాక్టరమ్మ నోటితో చెప్పింది. అక్కడొకటి, ఇక్కడొకటి, రెండు అవుతున్నాయి. రేపు పెళ్ళికి ఊరంతా వస్తారు. ఇక్కడ చెట్టు కనబడితే కోటప్ప ఊరుకుంటాడా? డాక్టరమ్మ అబద్ధమాడిందంటాడు. పాపం, మన కోసం అంత కష్టపడ్డ పిల్ల మాట పోతుంది."

"అవును, పైగా ఇది గాలికి పడిపోయేట్టుంది. అక్కడ గాలి లేదు."

"పైగా పెళ్ళికి వంటచెరుకు తక్కువైంది" అంది రత్తమ్మ.

ఇంకేముంది! గొడ్డళ్ళు తీశారు. ఆదెమ్మ చిన్న రసం కింద కూర్చుని, పెళ్ళికూతురి మానుకి పసుపు రాస్తూ పాట పాడుతోంది. ఆ పాటలో గొడ్డలి చప్పుడు ఆవిడ చెవిన పడలేదు. సాయంత్రానికి దిబ్బమామిడి కట్టెలమోపైంది.

గురువారం పెళ్ళి ఘనంగా జరిగింది. చెట్లు కదలవు కాబట్టి పసుపుతాడు కాలవ మీదుగా ఈ మాను నుంచి ఆ మానుకి కట్టారు. వీరాస్వామి తాడు పట్టుకుని ఈదుతుంటే భజంత్రీలు వాయించారు. ఊరంతా బూరెలు తిని, "భలే కట్టెలండీ, వంటకి ఎంత రుచొచ్చిందో" అని వేళ్ళు నాక్కున్నారు. ఆదెమ్మ మాత్రం పొగ వాసన చూసి, "ఇది మామిడి కట్టె కదరా" అంది.

"మన దిబ్బమామిడేనమ్మా. భయపడకు, అసలు చెట్టు పట్నంలో చల్లపెట్టెలో ఉంది. డాక్టరమ్మే చెప్పింది."

ఆదెమ్మ కాసేపు కొడుకు మొహంలోకి చూసింది. కొడుకు ఎప్పుడూ అబద్ధమాడడు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. "సరే, మరి అక్కడ కాయలు కోసేదెవర్రా?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం డాక్టరమ్మ జీపు దిగింది. వెనక అంట్లు కట్టే మనుషులు, కత్తులు, తడి గోనెలు. గొడ్ల కొట్టం వెనక్కి వెళ్ళి, మోడు చూసి, అక్కడే దాని మీద కూలబడింది. నాంచారయ్య జరిగిందంతా గర్వంగా చెప్పాడు. ఆవిడకి కోపం రావడానికి కూడా ఓపిక లేకపోయింది.

"నాంచారయ్యగారూ, ఆకుని చూసి చెట్టేదో చెప్పగలం. ఆకులోంచి చెట్టుని తియ్యలేం. మీ అమ్మగారి చెట్టు ఇక లేదండీ."

అప్పుడు అర్థమైంది ఆదెమ్మకి. పెద్దగా అరవలేదు, తిట్టలేదు. మోడు పక్కన చతికిలబడి, ఆ తెగిన చోట అరచెయ్యి పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నాంచారయ్యకి ఆ ఏడుపు చూసి ప్రాణం ఉసూరుమంది. "మీరు చెప్పిందే చేశానుగా" అని గొణుక్కున్నాడు.

కానీ ఆదెమ్మ అరచెయ్యి తీస్తే తడిగా ఉంది. డాక్టరమ్మ వంగి చూసింది, గోటితో బెరడు గీరి చూసింది. లోపల పచ్చగా ఉంది. "ఆగండాగండి, వేరు బతికే ఉంది! మోడు చిగురు వెయ్యొచ్చు. ఒక్క చిగురు చాలు, అంటు కట్టేస్తాను. చెట్టు మళ్ళీ వస్తుంది ఆదెమ్మగారూ!"

ఈసారి ఆవిడకి ఇంటి సంగతి తెలుసు. అందుకని నాంచారయ్యని ఎదురుగా కూర్చోబెట్టి, చంటిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది. తారు పుయ్యకూడదు. మజ్జిగ పొయ్యకూడదు. గొడ్డలి దగ్గరికి రాకూడదు. పెళ్ళి సంబంధాలు చూడకూడదు. మేకని రానివ్వకూడదు. నాంచారయ్య అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. చెయ్యకూడనివన్నీ అయిపోయాయి. ఆవిడ జీపులో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి, ఇంకొక్క మాట అంది.

"చిగురు పుట్టిందంటే మాత్రం, ఇంట్లో పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోండి."

అన్నంత పనీ చేసింది మోడు. వానలకి ఎర్రటి చిగురు తొంగిచూసింది, వేలెడంత అయింది, నిగనిగలాడింది. ఆదెమ్మ బోసినోటితో నవ్వింది. నాంచారయ్య ఆనందం పట్టలేక డాక్టరమ్మకి ఫోను చేస్తే, "ఎల్లుండి పొద్దున్నే వస్తున్నా, పుల్ల కాస్త గట్టిపడితే చాలు" అంది.

ఎల్లుండి పొద్దున్నే డాక్టరమ్మ వచ్చేసరికి బిడ్డ శుభ్రంగా ఉండొద్దూ? రత్తమ్మ చీకటితోనే లేచింది. పెళ్ళిలో మిగిలిన దిబ్బమామిడి కట్టెలు పొయ్యిలో పెట్టి, పెద్ద కాగులో నీళ్ళు సలసలా కాచింది. పసిబిడ్డకి చన్నీళ్ళు పోస్తారా ఎవరైనా? చిగురుకి నువ్వులనూనె రాసి, సున్నిపిండి పెట్టి నలిచి, వీరాస్వామి గొడుగు పట్టుకుంటే, చెంబు తరవాత చెంబు పొగలు కక్కే నీళ్ళు పోసింది. "ఒక్క ఏడుపు ఏడవలేదే, బంగారు తండ్రి!" అని ముచ్చటపడింది. తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, దిష్టిచుక్క పెట్టి, మెత్తటి పాత చీర చుట్టింది. చిగురు మెల్లిగా తల వాల్చింది.

ఆదెమ్మ పక్కన కూర్చుని జోల పాడుతోంది. అప్పుడే వాకిట్లో జీపు ఆగి డాక్టరమ్మ పరుగున వచ్చింది. నాంచారయ్య కాళ్ళ మునివేళ్ళ మీద ఎదురెళ్ళి, నోటి మీద వేలు పెట్టుకుని, ఆవిణ్ణి గుమ్మంలోనే ఆపేశాడు.

"ష్, చిన్నగా మాట్లాడండమ్మా. ఇప్పుడే తలంటి పడుకోబెట్టాం. లేచాక రండి."